చీకటి సీను కనపడకపోతే తప్పెవరిది?

క్రైమ్ సినిమా విడుదలైన శుక్రవారం మ్యాట్నీ వదిలేసరికే టాక్ బయటికొచ్చేస్తుంది. అమలాపురమైనా, భీమవరమైనా, పాలకొల్లయినా హాలు ముందు టీ కొట్టు దగ్గర వినపడే మాటలు ఇంచుమించు ఒకటే. ‘సెకండాఫ్ సాగదీశాడండి’, ‘చీకట్లో ఏం జరిగిందో తెలీలేదండి’, ‘ఆ ముసలాయన చివర్లో ఏమన్నాడో వినపడలేదండి’. మొదటి మాట దర్శకుడికి చేరాల్సిందే. మిగిలిన రెండూ చాలాసార్లు హాలు యజమానికి చేరాల్సినవని మా అభిప్రాయం.

హంతకుడు గోడౌన్లో నక్కిన సీనే తీసుకోండి. తెర మధ్యన 14 ఫుట్ ల్యాంబర్టుల వెలుతురు ఉంటుందన్న లెక్క మీదే డీఐలో, అంటే షూటింగయ్యాక కంప్యూటర్ మీద రంగులు, వెలుగులు సరిచేసే చోట, ఆ నీడలు దిద్దుతారు. డిజిటల్ సినిమాకు ప్రమాణంగా పెట్టుకున్న కొలత అది. ప్రొజెక్టరులో ఆ వెలుతురునిచ్చే జెనాన్ ల్యాంపు వాడేకొద్దీ మందగిస్తుంది. వెయ్యి గంటల గ్యారంటీ ఉన్న ల్యాంపు, రోజుకు నాలుగు ఆటలు, 12 గంటలు వెలిగితే మూడు నెలలు తిరక్కుండానే గడువు దాటుతుంది. ఖరీదని దాన్నే లాగిస్తే పాటల్లో, పగటి సీన్లలో పెద్దగా తేడా తెలియదు. రాత్రి సీనులో మాత్రం హంతకుడి చేతిలో కత్తి కనపడదు. ఆ కత్తి కనపడకపోతే క్లైమాక్స్ అర్థం కాదు, ‘లాజిక్ లేదు’ అన్న పేరు సినిమాకొస్తుంది. గడువు దాటిన ల్యాంపు పేలిందంటే రిఫ్లెక్టరు కూడా దెబ్బతింటుంది.

ల్యాంపు కొత్తదే అయినా ప్రొజెక్టరు గది అద్దం మీద దుమ్ము, మన ఉక్కపోతకు పట్టే జిడ్డు పేరుకుంటే బొమ్మ మసకబారుతుంది. మెత్తటి బట్టతో రెండు వైపులా తుడవడానికి ఐదు నిమిషాలు చాలు. పక్క తలుపుల కర్టెన్లు చిరిగిపోయిన హాళ్లలో మార్నింగ్ షో, మ్యాట్నీలప్పుడు సందుల్లోంచి ఎండ పడి నలుపంతా బూడిద రంగుకు తిరుగుతుంది. అదే సినిమాను అదే హాల్లో సెకండ్ షో చూసినవాళ్లు ‘ఫొటోగ్రఫీ అదిరింది’ అంటారు.

ఇక మాట. సంభాషణ ప్రధానంగా తెర వెనక మధ్య స్పీకరు నుంచి, తెరకున్న సన్నని రంధ్రాల గుండా వస్తుంది. ఆ రంధ్రాలు దుమ్ముతో పూడినా, స్పీకరు హార్న్ దెబ్బతిన్నా ముందు పోయేవి స, ష, చ లాంటి అక్షరాలు. గుసగుసలో ఉన్నవన్నీ అవే. సినిమా శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ థియేటర్లో ఫేడరు, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట, 7 మీద పెట్టి కుదిర్చిన శబ్దాన్ని, యాడ్‌లు, ట్రైలర్లు హోరెత్తుతున్నాయని ఇక్కడ 5కు దించి, సినిమా మొదలయ్యాక పెంచడం మర్చిపోతారు. ఏసీ ఆపి ఫ్యాన్లు వేస్తే ఆ మిగిలిందీ పోతుంది.

మన ప్రేక్షకుడి చూపు తక్కువది కాదు. కాలువలు కట్టేసిన మే నెలలో లాకుల దగ్గర శవం కొట్టుకుపోయినట్టు తీస్తే ఇక్కడ వెంటనే పట్టేస్తారు. స్టేషన్లో నేరం ఒప్పుకోగానే కేసు ముగిసినట్టు చూపిస్తే ‘అది కోర్టులో చెల్లదండి’ అనేవాళ్లూ ఉన్నారు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెప్పేదీ అదే. నిందితుడు చెప్పిన చోట కత్తి దొరికితే, ఆ మాటలో కత్తి జాడకు సంబంధించినంత వరకే విలువ. ఇంత పట్టింపుగా చూసేవాళ్ల తీర్పు మసక తెర వల్ల తప్పిపోవడం మాకు బాధగా ఉంది.

అందుకే ప్రేక్షకులకు మా విన్నపం: మాట వినపడకపోతే ఇంటర్వెల్ దాకా ఆగకుండా గేటు దగ్గర చెప్పండి, ఫేడరు పెంచడం క్షణం పని. టాక్ చెప్పేటప్పుడు ఏ హాలు, ఏ ఆట అన్నదీ కలిపి చెప్పండి. హాళ్ల యజమానులు గురువారం సెకండ్ షో వదిలాక ల్యాంపు గంటలు చూసి, అద్దం తుడిపించి, లైట్లన్నీ ఆర్పి, కొత్త సినిమాలో ఒక రాత్రి సీను వేయించుకుని బాల్కనీలోంచీ, ముందు బెంచీలోంచీ తామే చూడాలి.