ఐదు వేల మిషనూ ఇరవై వేల మిషనూ ఒకటేనా?

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. ఊరి గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, జీడి రైతుల గ్రూపులో చూశాను. ఆఖరికి మా తోడల్లుడు కూడా విడిగా పంపాడు. అందులో ఉన్నది ఇదీ: "ఇంట్లో సరదాకి వెల్డింగ్ చేసుకునేవాళ్లు ఇరవై వేలు పోసి కంపెనీ మిషన్ కొని మోసపోకండి. ఐదు వేల మిషన్లోనూ లోపల అదే సరుకు, స్టిక్కరే తేడా. రెండింటి మీదా 200 ఆంప్స్ అనే ఉంటుంది. ఇంట్లో ఏ ప్లగ్గులో పెట్టినా నడుస్తుంది. కళ్లకి నల్ల కళ్లజోడు చాలు. పదిమందికీ పంపండి."

నేను వెల్డింగ్ మేస్త్రిని కాను. మాది పలాస దగ్గర ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వైపే తీరం దాటినప్పుడు మా పశువులశాల రేకులు ఎగిరి కొబ్బరితోటలో పడ్డాయి. ఏ ఊళ్లో చూసినా అదే పని, మేస్త్రులు ఖాళీ లేరు. అప్పుడు కాశీబుగ్గ వెళ్లి ఒక చవక ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ తెచ్చుకుని నేర్చుకున్నాను. మూడేళ్ల తర్వాత దానికి దాదాపు నాలుగింతలు పెట్టి ఇంకొకటి కొన్నాను. రెండూ నా దగ్గరే ఉన్నాయి, రెండూ పనిచేస్తున్నాయి. ఆ రెండింటినీ వాడుతున్నవాడిగానే ఇది రాస్తున్నాను.

ముందు మెసేజ్‌లో ఉన్న నిజం ఒప్పుకుంటాను. సరదాకి చేసుకునేవాడికి ఖరీదైన మిషన్ తప్పనిసరి కాదు. కుండీల స్టాండు, గేటు గొళ్లెం, మంచం కోడు లాంటి పనులకి 12 నంబరు రాడ్డు (అతుకు కోసం కరిగే కడ్డీ, నంబరు పెరిగేకొద్దీ సన్నం) సరిపోతుంది. అది 60 నుంచి 90 ఆంప్స్‌లో కాలుతుంది. అంతవరకూ చవక మిషన్ హాయిగా ఇస్తుంది. అతుకు అందంగా రావడం కూడా మిషన్ ధర మీద కాదు, చేతి మీద ఆధారపడుతుంది. మా ఊరి మేస్త్రి నా పాత మిషన్‌తో పెట్టిన అతుకు ముందు, కొత్త మిషన్‌తో నేను పెట్టింది ఇప్పటికీ దిగదుడుపే. కానీ ఈ ఒక్క నిజానికి చుట్టూ కట్టిన మిగతా మాటలు తప్పు. వాటిలో ఒకటి రెండు ప్రమాదం కూడా.

"లోపల అదే సరుకు" అన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు అర్థమైంది. ఇంటికొచ్చే 230 వోల్టుల ఏసీని ఇన్వర్టర్ మిషన్ ముందు డీసీ చేస్తుంది. తర్వాత దాన్ని సెకనుకి వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. అంత వేగంగా చేయడం వల్లే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గుప్పెడంతది చాలు. పాతకాలం మిషన్ కదపాలంటే ఇద్దరు కావాలి, దీన్ని భుజాన తగిలించుకుని వెళ్లొచ్చు. అలా ఆపి వదిలే భాగాన్ని ఐజీబీటీ అంటారు. చవక మిషన్లోనూ ఖరీదు మిషన్లోనూ ఇప్పుడు ఎక్కువగా ఉండేది ఆ రకమే. ఎవరో రెండూ విప్పి చూసి, ఆ ఒక్కటీ ఒకేలా ఉందని తేల్చేసి ఉంటారు.

దుమ్ము దులపడానికి నేనూ రెండింటి మూతలూ విప్పాను. ఐజీబీటీ పుట్టించే వేడిని లాగే అల్యూమినియం దిమ్మలు పాతదానిలో పల్చటి రెక్కలతో అరచేతిలో పట్టేంత ఉన్నాయి. కొత్తదానిలో రెట్టింపు ఉన్నాయి. ఫ్యానూ పెద్దదే. అన్నిటికన్నా నా కంటికి ఆనింది బోర్డు. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఏడాది పొడుగునా ఉప్పుగాలి. కొత్త మిషన్ బోర్డంతా లక్క పూసినట్టు మెరుస్తోంది, తేమ తగలకుండా వేసిన పూత అది. పాతదానికి పూత లేదు. ఫ్యాన్ గాలి నేరుగా తగిలే వైపు టంకాల దగ్గర పాచి పట్టినట్టు పచ్చగా అయిపోయింది. బ్రష్షుతో శుభ్రం చేసి నేనే వార్నిష్ కొట్టాను, అందుకే ఇంకా బతికుంది. ఇది స్టిక్కర్ తేడా అంటే ఎలా ఒప్పుకోను?

ఇక 200 ఆంప్స్ మాట. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పెద్ద అంకె ముందు ప్యానెల్ మీద ఉంటుంది. అసలు సంగతి మాత్రం వెనకాల చిన్న ప్లేటు మీద, డ్యూటీ సైకిల్ అని శాతంలో రాసి ఉంటుంది. పది నిమిషాల్లో ఆ ఆంప్స్ దగ్గర ఎన్ని నిమిషాలు కాల్చవచ్చో చెప్పేది అదే. 200 దగ్గర 20 శాతం అంటే రెండు నిమిషాలు కాల్చి ఎనిమిది నిమిషాలు చల్లారనివ్వాలి. 60 శాతం అంటే ఆరు నిమిషాలు కాల్చొచ్చు. ఐఈసీ 60974-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉందనుకుని ఈ లెక్క కట్టాలి. కొన్ని చవక మిషన్లకి 20, 25 డిగ్రీల చల్లదనంలో కట్టిన లెక్క వేస్తారు. కొన్నింటికి ఆ ప్లేటే ఉండదు. మే నెల మధ్యాహ్నం మన రేకుల షెడ్డు కింద ఆ చల్లదనం ఎక్కడిది?

నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తెచ్చినప్పుడు రెండూ పరీక్షించాం. పాత మిషన్ నాబ్ చివరిదాకా తిప్పితే డిస్‌ప్లేలో 200 అని చూపించింది, మీటర్లో 140 దాటలేదు. కొత్తది 190 దాటింది. ఇప్పుడు 10 నంబరు రాడ్డు కాలుద్దాం, 110 ఆంప్స్ పెట్టాం అనుకోండి. మిషన్ వేడి స్థూలంగా ఆంప్స్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నిజంగా 200 దగ్గర 20 శాతం ఇచ్చే మిషన్ ఆ 110 దగ్గర పది నిమిషాల్లో ఆరున్నర నిమిషాలు కాలుస్తుంది. 140 దగ్గరే 20 శాతం ఇచ్చే మిషన్ మూడు నిమిషాలకి అటూ ఇటూగా ఆగుతుంది. రాడ్డు నిమిషం పైచిలుకులో అయిపోతుంది కాబట్టి రెండు రాడ్లు కాలాక మూడోది సగంలో, మిషన్ వేడెక్కి ఆగిందని చెప్పే పసుపు లైటు వెలుగుతుంది. పశువులశాల రేకుల్ని మోసే ఇనుప ట్రస్సు కడుతున్నప్పుడు నాకు సరిగ్గా ఇదే అయింది. నిచ్చెన మీద రాడ్డు బిగించే హోల్డర్ పట్టుకుని ఆ లైటు ఆరేదాకా చూస్తూ నిలబడ్డ మధ్యాహ్నాలు చాలా ఉన్నాయి.

అయితే కిందకూర్చుని చిన్న పని చేసుకునేవాడికి ఇది అంత బాధించదు. ఒక రాడ్డు కాల్చి, అతుకు మీద పేరుకున్న స్లాగ్ పెంకు కొట్టి, బ్రష్షుతో రుద్ది, ఇంకో ముక్క కొలిచి కోసేసరికి మిషన్ చల్లారిపోతుంది. అందుకే మనం చేసే పనేమిటో చూడకుండా "రెండూ ఒకటే" అనీ అనకూడదు, "చవకది దండగ" అనీ అనకూడదు.

"ఏ ప్లగ్గులో పెట్టినా నడుస్తుంది" అనడం మాత్రం ఇల్లు కాల్చే సలహా. 12 నంబరు రాడ్డుకి 80 ఆంప్స్ పెడితే గోడ దగ్గర చవక మిషన్ సుమారు 14 ఆంప్స్ లాగుతుంది. 16 ఆంప్స్ పవర్ సాకెట్‌కి అది సరిగ్గా అంచు. ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంప్స్ ప్లగ్గులో పెడితే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు) పడిపోవాలి, పడకపోతే వైరు కాగాలి. ఇక 10 నంబరు రాడ్డంటే 16 ఆంప్స్ సాకెట్‌కే మించిన పని. మా పక్కింట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు పిన్ను దగ్గర మైనంలా కరిగి సాకెట్‌కి అతుక్కుపోయింది. చాకుతో పెకలించాల్సి వచ్చింది.

సాయంత్రాలు మా దగ్గర వోల్టేజీ 180కి దిగుతుంది. చాలా మిషన్ల మీద 230 వోల్టులు, 15 శాతం అటూ ఇటూ అని ఉంటుంది. అంటే కింద హద్దు 195. అంతకంటే దిగితే పాతది రాడ్డుని ఇనుముకి అతికించేస్తుంది తప్ప ఆర్క్ (రాడ్డు చివర మండే మెరుపు) నిలబెట్టదు. ఇలాంటి సప్లైకి కొత్తదానికి ఇంకా కింది హద్దు ఉంది, నేను ఎక్కువ డబ్బు పెట్టింది ముఖ్యంగా ఇందుకే. దానికి తోడు సన్న ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటే కష్టం రెట్టింపు. 30 మీటర్ల 1 స్క్వేర్ ఎంఎం వైరు 15 ఆంప్స్ దగ్గర ఒక్కటే 16 వోల్టులు మింగేస్తుంది. 2.5 స్క్వేర్ అయితే ఏడు లోపే. "మిషన్ బాగోలేదు" అని వెనక్కి పంపేవాళ్లలో చాలామంది మార్చాల్సింది వైరు.

నల్ల కళ్లజోడు మాట చదివినప్పుడు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఎండకి పెట్టుకునే అద్దాలు ఆర్క్ వెలుగుకి ఏమాత్రం చాలవు. మన రాడ్లకి 10 లేదా 11 నంబరు నల్ల వెల్డింగ్ గ్లాసు కావాలి, ముఖం మొత్తం కప్పాలి, మెడ కూడా కప్పాలి. ఆర్క్ వెలుగు కళ్లకి కొట్టిన సంగతి వెంటనే తెలియదు. పగలు పని చేసి, అన్నం తిని పడుకున్నాక అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. మా మేనల్లుడికి అలాగే అయింది. "మావయ్యా, కళ్లు తెరవలేకపోతున్నాను" అని రాత్రి ఒంటిగంటకి ఏడుస్తూ ఫోన్ చేశాడు. వాళ్లమ్మ బంగాళాదుంప ముక్కలు పెట్టింది. చల్లగా అనిపిస్తుందేమో కానీ అది వైద్యం కాదు, తెల్లవారగానే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

మెసేజ్‌లో లేనిది ఇంకొకటి చెప్పాలి. ఆర్క్ లేనప్పుడు హోల్డర్లో 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. మన కోస్తా ఉక్కలో చెమట చేతులతో, లుంగీ మీద, తడి నేల మీద కూర్చుని రాడ్డు మార్చేవాళ్లకి అది చిన్న సంగతి కాదు. ఖరీదైన మిషన్లు కొన్నింటిలో ఖాళీగా ఉన్నప్పుడు ఆ వోల్టేజీని తగ్గించే వీఆర్‌డీ ఉంటుంది. అది లేనివాళ్లు కనీసం తోలు గ్లౌజులు, రబ్బరు అడుగు బూట్లు వేసుకోండి. ప్లగ్గుకి ఎర్తు కోసం ఉండే మూడో పిన్ను విరగ్గొట్టకండి.

నిన్న మా వీధి కుర్రాడు ఈ మెసేజే ఫోన్లో చూపించి, "చిన్నాన్నా, నా దగ్గర పన్నెండు వేలున్నాయి, ఏది కొనమంటావు?" అని అడిగాడు. వాడికి కావాల్సింది కోళ్ల గూడు, మొక్కల స్టాండు. చవక మిషనే కొనుక్కోమన్నాను, ఆరు వేలకి మించొద్దన్నాను. మిగిలిన దానిలో మంచి వెల్డింగ్ హెల్మెట్, గ్లౌజులు, 2.5 స్క్వేర్ వైరు. ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తాడు. ముందు వాళ్ల వరండాలో ఎర్తుతో 16 ఆంప్స్ సాకెట్ పెట్టించి, ఆ తర్వాతే కాశీబుగ్గ వెళ్దామని చెప్పాను.