రాయని నవలను కాపాడుకుందాం

ఈమధ్య మన సాహిత్యానికి ఒక ఆపద వచ్చిపడింది. ఎవరూ నోరు మెదపడం లేదు కాబట్టి నేనే మెదపాల్సి వస్తోంది. ఆపద పేరు 'రోజూ కాస్త రాయడం'. వినడానికి ఎంత సాధువుగా ఉందో చూడండి. రోజుకి మూడొందల పదాలు, అరగంట పని, పళ్ళు తోముకున్నంత తేలిక అంటారు. అలా పళ్ళు తోముకుంటూ తోముకుంటూ మా స్నేహితుడొకడు మొన్న ఏకంగా నవల మొదటి ప్రతి పూర్తి చేసి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహం. ఇలా చేస్తాడనుకోలేదు.

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుంది. పన్నెండేళ్ళుగా నేను నవల రాస్తాను. 'రాస్తున్నాను' అనలేదు, గమనించండి. చిన్నప్పుడు వ్యాకరణం క్లాసులో తద్ధర్మ కాలమని చెప్పారు కదా, అది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి, నేను నవల రాస్తాను. అది స్వభావం. దానికి రుజువు అడగకూడదు. పైగా తెలుగులో తద్ధర్మానికీ భవిష్యత్తుకీ ఒకటే క్రియారూపం. రోజూ అయినా 'రాస్తాను', రేపు అయినా 'రాస్తాను'. ఇంగ్లిషువాడికి ఈ సౌకర్యం లేదు. తను రోజూ రాసేవాడో, రేపు రాయబోయేవాడో పాపం నోరు తెరిచిన మొదటి ముక్కలోనే తేల్చేసుకోవాలి. మన భాష ఇంత ఉదారంగా ఇచ్చిన చాటుని ఒక అలారం కోసం వదులుకుంటామా?

రాయని నవలలో అచ్చుతప్పులుండవు. సాగదీత ఉండదు. ముగింపు బాలేదని ఎవడూ అనలేడు. మా మామయ్య కనిపించినప్పుడల్లా "ఏరా, నవల ఎంతదాకా వచ్చింది?" అంటాడు. "జరుగుతోంది మామయ్యా" అంటాను. ఆయన తల పంకించి పక్కాయనతో "మావాడు నవలలు రాస్తాడండీ" అని చెబుతాడు. చూశారా, ఆయనది కూడా తద్ధర్మమే. అదే నేను నిజంగా ఒక పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాననుకోండి, మొదట అడిగేది "ఎన్ని అమ్ముడుపోయాయి?" అని.

ఈ జాడ్యానికి పాత కాపు ఆంథొనీ ట్రోలప్ అనే ఇంగ్లిషు నవలాకారుడు. ఉద్యోగం తపాలా శాఖలో. పొద్దున్న అయిదున్నరకల్లా బల్ల ముందు ఉండేవాడు. తనను లేపడానికి ఒక ముసలి పనివాణ్ణి పెట్టుకున్నాడు. ఆ పనికి వాడికి ఏడాదికి అయిదు పౌండ్లు అదనం. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 పదాల చొప్పున రాసేవాడు. పొద్దుటి పలహారానికి ముందే ఆ రోజు కోటా అయిపోయేది. అలా 47 నవలలు. గుట్టుగా దాచుకోవాల్సిన ఈ సంగతంతా ఆత్మకథలో పూసగుచ్చినట్టు చెప్పుకున్నాడు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1883లో, అది అచ్చయింది. నవలంటే ఎక్కడినుంచో దిగి రావాలి గానీ ఇలా ఉత్తరాల మీద ముద్ర గుద్దినట్టు గుద్దేయడమేమిటని సాహిత్యలోకం ముక్కున వేలేసుకుంది. ఆయన పేరు చాన్నాళ్ళు మసకబారింది. తగిన శాస్తి.

నేను మాత్రం ఆ పనివాడి గురించే ఎక్కువ ఆలోచిస్తాను. ట్రోలప్‌ని వాడు లేపాడు, సరే. వాణ్ణి ఎవరు లేపారు? ఈ ప్రశ్నకి జవాబు దొరికేదాకా పొద్దున్నే లేవకూడదని నిర్ణయించుకున్నాను.

మనవాళ్ళ సంగతికొస్తే, విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు' 29 రోజుల్లో చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకుంటూ పోయారని ప్రసిద్ధి. ఈ పద్ధతి నాకు నచ్చింది, ఎందుకంటే నాకూ ఒక తమ్ముడున్నాడు. కదిపి చూశాను. "ఫోన్లో వాయిస్ టైపింగ్ ఉంది కదా అన్నయ్యా" అన్నాడు. యుగధర్మం. సరే అని ఒక రాత్రి ఫోను ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాను. పది నిమిషాల తర్వాత తెర మీద ఇలా ఉంది: 'ఆ రోజు ఉదయం వాన ఏంటి ఇప్పుడా రాసుకుంటున్నాను కదా ఆ తలుపు దగ్గరికి వెయ్యి వాన కురుస్తూ కురుస్తూ ఉంది ఉండెను ఛ'. మా ఆవిడ అది చదివి, ఇన్నేళ్ళలో నా నవలలో మొదటిసారి ఒక మనిషి కనిపించాడంది.

రష్యన్ నవలాకారుడు దొస్తొయెవ్‌స్కీ సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారని తెలుసు. 1866 అక్టోబరులో 26 రోజుల్లో ఒక నవల స్టెనోగ్రాఫరుకి చెప్పి రాయించాడు, నిజమే. అయితే గడువు తప్పితే తొమ్మిదేళ్ళపాటు ఆయన రచనలన్నీ పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే హక్కు ప్రచురణకర్తకి పోతుంది. అప్పుల బాధకి అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టి ఉన్నాడు. నవల గడువులోపే ముగిసింది, మరుసటేడు ఆ స్టెనోగ్రాఫర్నే పెళ్ళి చేసుకున్నాడు. నాకు అలాంటి అప్పుల్లేవు, పెళ్ళయిపోయింది. ప్రేరణకి ఉన్న రెండు దారులూ మూసుకుపోయినవాణ్ణి ఆయనతో పోల్చడం న్యాయం కాదు.

ఇక పదాల లెక్క. 1999లో అమెరికాలో 21 మంది సరదాగా మొదలుపెట్టిన పని, తర్వాత్తర్వాత ఏటా నవంబరులో 50,000 పదాలు రాయాలనే వ్రతంగా ప్రపంచమంతా పాకింది. రోజుకి 1,667 పదాలన్నమాట. నడిపిన సంస్థ 2025లో దుకాణం కట్టేస్తున్నామని ప్రకటించింది గానీ అది అంటించిన లెక్కల పిచ్చి మాత్రం వదల్లేదు. ఈ లెక్క తెలుగువాళ్ళకి ఎంత అన్యాయమో ఎవరైనా ఆలోచించారా? ఇంగ్లిషువాడు నాలుగైదు ముక్కల్లో చెప్పేదాన్ని మనం 'వెళ్ళకపోయినప్పటికీ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. 'రాయలేకపోతున్నవాళ్ళందరికీ' అన్న మాట చూడండి. అందులో ఒక తరం గోడు ఉంది. కౌంటర్లో మాత్రం ఒకటే పడుతుంది.

మరి రాత్రి పదకొండున్నరకి ఇంకా నలభై పదాలు తక్కువపడ్డ రచయిత ఏం చేస్తాడు? సంధులు విడదీస్తాడు. లేచెళ్ళిపోయినవాణ్ణి 'లేచి వెళ్ళి పోయాడు' చేస్తాడు. మా స్నేహితుడి ప్రతిలో ఒకచోట ఇలా ఉంది: 'ఆమె ఏమి అని అనుకుని ఉన్నదో ఏమో అని అతను అనుకుంటూ ఉండి పోయాడు.' లెక్కపెట్టాను, పదకొండు. మనుషులు మాట్లాడినట్టు కలిపేస్తే 'ఆమె ఏమనుకుందోనని అతననుకుంటూండిపోయాడు'. మూడు. మిగతా ఎనిమిదీ కోటాకి కట్టిన కప్పం. ఏ సంధి ఏ రాత్రి ఎన్ని గంటలకి తెగిందో ఆ ప్రతి చూసి చెప్పేయొచ్చు.

శాస్త్రవేత్తలు కూడా ఇందులో వేలు పెట్టారు. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ఒక మాట చెలామణీలో ఉంది. దాన్ని నమ్మి నేను నాలుగుసార్లు ఇరవయ్యో రోజున ఆపేశాను, ముప్పు తప్పించుకుందామని. తీరా చూస్తే అది వట్టి మాటేనట. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు 96 మందిని గమనించి 2009లో ప్రకటించిన పరిశోధనలో, ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి సగటున 66 రోజులని తేల్చారు. 18 రోజుల్లో కుదిరిపోయినవాళ్ళున్నారు. 254 దాకా పట్టేవాళ్ళూ ఉన్నారని లెక్క వేశారు. అవన్నీ నీళ్ళు తాగడం, పండు తినడం లాంటి పనులు. పండు తినడానికే ఇన్నాళ్ళయితే పండు గురించి రాయడానికి ఎన్నాళ్ళు పట్టాలి అనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కానీ అదే పరిశోధనలో ఇంకో ముక్క ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటుకి పెద్దగా నష్టం రాదట. ఇది మాత్రం నేను క్షమించలేను. ఒక్క రోజు తప్పితే మొత్తం పోయినట్టే, మళ్ళీ జనవరి ఒకటి నుంచి మొదలుపెట్టాలి అన్న సూత్రం మీదే నా సాహిత్య జీవితమంతా నిలబడి ఉంది. జనవరి మూడున తప్పుతుంది. మిగతా 362 రోజులూ సాధనకి కాకపోయినా సంకల్పానికి దొరుకుతాయి. దీన్ని కూల్చేసి ఈ పరిశోధకులు బావుకున్నదేమిటి?

మా స్నేహితుడి పద్ధతి కూడా కనుక్కున్నాను. పద్ధతి అనడానికి నోరు రావడం లేదు. వెనక్కి చూడడట. నిన్నటిది చదివితే దిద్దబుద్ధేస్తుంది, దిద్దుతూ కూర్చుంటే ఇవాళ్టి పూట గడిచిపోతుంది, అందుకని ఆఖరి పేరా దాటి పైకి స్క్రోల్ చెయ్యడట. మొదటి అధ్యాయాన్ని నలభైసార్లు దిద్దినవాడిగా నాకు కళ్ళు తిరిగాయి. తెలియనిచోట ఆగి, చదివి, పరిశోధించి, ఒక ఏడాది గడిపే మర్యాద కూడా లేదు. బ్రాకెట్లో ఒక గుర్తు పడేసి ముందుకెళ్ళిపోతాడు. 'ఇక్కడ కోర్టు సీను, లాయర్ని అడగాలి'. 'వీళ్ళిద్దరూ ఎందుకు గొడవపడ్డారో తర్వాత ఆలోచించాలి'. అన్నిటికన్నా ఘోరం, రాత్రి లేచేటప్పుడు కావాలని వాక్యాన్ని సగంలో వదిలేస్తాడట. మర్నాడు ఆ సగం పూర్తి చేస్తూ లోపలికి దూరిపోవచ్చంటాడు. తెలుగులో క్రియ చివర్న కదా వచ్చేది! కర్తా కర్మా ఎదురెదురుగా కూర్చుని, ఏం జరగబోతోందో తెలియక, రాత్రంతా అలా చూసుకుంటూ ఉండాలా?

ఎనిమిది నెలలయ్యాక ఆ ఫైలు నాకు పంపాడు. 61 వేల పదాలు, విడదీసిన సంధులతో కలిపి. ఎంత ఆత్రంగా తెరిచానో చెప్పలేను. తప్పులు పట్టడంలో ఉన్న ఆనందం రాయడంలో ఎక్కడుంది? ఆశించినదానికన్నా ఎక్కువే దొరికాయి. కథానాయకుడు పద్నాలుగో అధ్యాయం దాకా రాఘవ, అక్కణ్ణుంచి మాధవ. తొమ్మిదో అధ్యాయంలో చనిపోయిన పెద్దమ్మ, ఇరవై ఒకటో అధ్యాయంలో తలుపు తీసి "ఎవరు కావాలి బాబూ?" అంటుంది.

వెంటనే ఫోన్ చేశాను. "ఒరేయ్, మీ పెద్దమ్మ చచ్చిపోయింది కదరా!"

"అవునా? సరే, తొమ్మిదిలో బతికించేస్తాలే. అక్కడ తలుపు తీయడానికి మనిషి కావాలి" అన్నాడు.

అంతే. ఒక నిట్టూర్పు లేదు. నా నవలలో పెద్దమ్మని చంపాలా వద్దా అని నేను మూడేళ్ళు నలిగిపోయాను. ఆ మూడేళ్ళూ సరిగా నిద్రపోలేదు. ఇంకా తేలలేదు కూడా.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ తలుపు తీసే పేజీ బావుంది. పెద్దమ్మ ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో కళ్ళజోడు కోసం కొంగంతా తడుముకుంటుంది. కళ్ళజోడు తల మీదే ఉంటుంది. వచ్చినవాడు ఆ మాట చెప్పడు. ఆమె తనని గుర్తుపట్టేలోగా ఇంకాసేపు పరాయివాడిగా నిలబడదామని. చదివి ఫోను పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి చూశాను. వీడికిదెప్పుడు తోచిందా అని వాడి రోజువారీ లెక్క చూస్తే, ఆ తారీఖు పక్కన '112 పదాలు, తలనొప్పి' అని ఉంది. కోటాలో సగం కూడా కాలేదు. ఇదేం లెక్క? నాకూ తలనొప్పులొచ్చాయి. వచ్చిన ప్రతిసారీ, సృజనకి భంగం కలగకూడదని, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను.

కాబట్టి నా డిమాండు చిన్నది. రాయని నవలలకి కూడా ఒక గ్రంథాలయం పెట్టండి. అరలు ఖాళీగా ఉంచితే చాలు. చెదల బెడద ఉండదు, పాఠకుల బెడద అసలే ఉండదు. ప్రారంభోత్సవానికి నేనొస్తాను. నా పేరుతో ఒక అర, కొంచెం వెడల్పుగా. నాది మూడు తరాల కథ.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి మళ్ళీ వాడికి ఫోన్ చేశాను. అది వాడు రాసుకునే వేళ అని తెలుసు, అందుకే చేశాను. రెండో ప్రతి మొదలుపెట్టాడట. మాట్లాడుతుంటే వెనకాల కీబోర్డు టకటకమంటోంది.

"నాది మాత్రమే వింటున్నావు, నీది ఎంతదాకా వచ్చిందిరా?" అన్నాడు.

"మొదటి వాక్యం దాదాపు కుదిరినట్టే. 'ఆ రోజు ఉదయం వాన కురుస్తోంది' అనాలా, 'కురుస్తూ ఉంది' అనాలా అన్నదొక్కటే మిగిలింది" అన్నాను.

కీబోర్డు చప్పుడు ఆగింది.

"ఇంకా తగ్గలేదా వాన?" అన్నాడు.