లొల్లి తీసేసే దొరగారికి చిందు మేళం రాసుకున్న ఉత్తరం

బాంచెన్ దొరా, కాల్మొక్తం!

ఆన్‌లైన్ మీటింగులల్ల వెనక సప్పుళ్లు తీసేసే సాఫ్ట్‌వేర్ దొరా, మీకు మా వరంగల్ దిక్కు ఊరూర వేషాలు గట్టి పాడుకుంట ఆడే చిందు యక్షగానపోళ్ల దండాలు. మిమ్మల్ని ఫోన్ల ఎవరు కూసోబెట్టిన్రో గని, మీ కొలువు మాత్రం గడీ లెక్కనే ఉన్నది. ఒక్కరు మాట్లాడాలె, కడమోళ్లు నోరు మూసుకోవాలె.

మా ఆట దానికి ఉల్టా. దరువు (ఆటల పాట) కొసమాట పాత్రధారి నోట్ల ఉండంగనే వంతగాళ్లు, అంటే వెనక వంత పాడేటోళ్లు, అందుకోవాలె. ఆ అరక్షణం గొంతులు ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడే పాటకు బలం. మీరేమో గట్టిగున్నోని గొంతును రానిచ్చి, రెండోవోన్ని గుమ్మం బయట నిలబెడతరు. మద్దెల దెబ్బ మీకు తలుపు కొట్టుడు. తాళాలు గిన్నెల సప్పుడు. హార్మోనియం శ్రుతిని పట్టి ఉంచితే, రెండు మూడు సెకన్లకు ఫ్యాను తిరుగుతుందనుకొని నొక్కేస్తరు. మీ తమ్ముడొకడు, వెనకదంతా మసక జేసేటాయన. ఆయన లెక్కల మనిషంటే ఒక తలకాయ, రెండు భుజాలు. కిరీటాన్ని, భుజకీర్తులను తీసుకపోయి గోడల కలుపుతడు. ముఖానికి అర్దళం రంగు పూసుకొని నిలబడ్డ రాజు, బోడితలతోని జీతం అడగవచ్చిన గుమాస్తా లెక్క కనబడతడు.

2020 మార్చిల కరోనకు ఆటలు బందైనయి. తాతల కాలం నుంచి మాకు ఆడే హక్కున్న మిరాశి ఊళ్లకు పోయే తొవ్వ మూసుకున్నది, మీ దర్బారే దిక్కయింది. ఒక్క మాకే రాలేదు లే అనుకున్నం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా మార్చి 12న తలుపులు మూసి, ఏప్రిల్ 25న గాయకులతోని ఎవరింట్ల వాళ్లను పాడించింది. అంత పెద్ద కొలువుల సుత బృందగానం కలిసి పాడింది గాదు, ముందే విడివిడిగ రికార్డు చేసి కుట్టిందే. బార్సిలోనాల లిసేయు ఒపెరా మందిరమైతే జూన్ 22న కుర్చీలల్ల 2,292 మొక్కలను పెట్టి కచేరి చేసింది. మీ మనసుకు నచ్చే ప్రేక్షకులు దొరా! ఈల లేదు, చదివింపు లేదు, ఒక్కటి సుత దగ్గది.

నెట్టు మీద కలిసి పాడితే ఏమైతదో వినుండ్రి. శబ్దం గాలిల ఒక మీటరు పోవటానికి దాదాపు 3 మిల్లీసెకన్లు. మద్దెలకు తాళానికి మూడు మీటర్ల ఎడమున్నా 9 మిల్లీసెకన్లే, చెవి పట్టించుకోదు. 30 దాటిందంటే లయ చెడుడు మొదలు. నెట్టు మీద 100 దాటుడు మామూలు. తాళమాయన మద్దెల కోసం ఆగుతడు. మద్దెలాయన లేటుగ వచ్చిన తాళం విని ఇంకింత ఆగుతడు. ఒకరికోసం ఒకరు ఆగంగ ఆగంగ, యుద్ధానికి ఉరికే దరువు అలిసిన ఎడ్లబండి నడకకొస్తది.

అందుకే మేళమోళ్లు మీ కన్నుగప్పుడు నేర్చిన్రు. మొదలు మద్దెల, హార్మోనియం ఒక్కకాడ కూసోని రికార్డు చేస్తరు, మొదట్ల మూడు చప్పట్లు కొట్టి. వంతగాడు దాన్ని ఒక ఫోన్ల వినుకుంట, ఆ మూడు చప్పట్లతోని తను సుత చప్పట్లు కలిపి, రెండో ఫోన్ల పాడుతడు. జోడించేటప్పుడు ఆ చప్పట్లు తెర మీద కనబడే శబ్దం గీతల మూడు ముండ్ల లెక్క లేస్తయి, ముల్లుకు ముల్లు ఆనిస్తే సరి. ఇయర్‌ఫోను తీగదే ఉండాలె. బ్లూటూత్ పెడితే పాట చెవికి వచ్చుడే లేటు, వంతంతా ఎనకబడతది, పాడినోనికి సోయి సుత ఉండదు. ఒక్క చెవికే పెట్టాలె, తన గొంతు తనకు వినబడకుంటే శ్రుతి జారుతది. ఏ దరువుకు ఆ దరువు ఆపి తీయాలె. ఇరవై నిమిషాలు ఒక్కతీరుగ తీస్తే బొమ్మ ఒక దిక్కు, శబ్దం ఒక దిక్కు పోతయి, రెండు ఫోన్ల గడియారాలు అచ్చం ఒక్కతీరు నడువయి. రెండు ఫోన్లూ విమానం గుర్తు మీద ఉండాలె, లేకుంటే మంచి పట్టు మీదున్నప్పుడే లోను కావాల్నా అని ఎవరో అడుగుతరు.

మద్దెలకు ఫోను 8–10 అడుగుల దూరం. దగ్గర పెడితే మొదటి దెబ్బకే జడుసుకొని శబ్దం తగ్గించుకుంటది, మళ్ల మెల్లగ పెంచుకుంటది, పాటంతా మునుగుడు తేలుడే. తాళం సప్పుడు ఒకసారి పగిలి రికార్డైతే దాన్ని అతికే మందు లేదు. రేకుల ఇల్లయితే గోడలకు బొంతలు గట్టాలె.

నేరుగ పాడక తప్పకుంటే జూమ్‌ల 'ఒరిజినల్ సౌండ్' మీట నొక్కి మిమ్మల్ని బయటికి పంపుడే. తప్పయితే మన్నించుండ్రి. అప్పుడు ఇయర్‌ఫోను లేకుంటే పాట తిరిగి మైకులకే పోయి కూత పెడతది. జూమ్‌ల పైసలియ్యకుంట ఊకె వచ్చే మీటింగేమో 40 నిమిషాలకు మూసుకుంటది. తెల్లందాక ఆడేటోళ్లం దొరా, 40 నిమిషాలకు మా రాజు తెర ఎనక నుంచి సుత రాడు.

2024ల జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు ఇదే చిందు యక్షగానానికి పద్మశ్రీ ఇచ్చిన్రు. ఢిల్లీ దాక వినబడ్డది, ఫోన్లనే ఉన్న మీకు వినబడతలేదు.

ఇట్లు,
మద్దెల, జోడు తాళాలు, హార్మోనియం, ఇద్దరు వంతగాళ్లు.

(రాజు వేషగాడు సంతకం పెట్టలేదు. ఆయన గొంతును మీరు రానిస్తున్నరు గదా.)