కేకు తినిపించి వచ్చాం సరే, ఆ పిల్లాడి అమ్మ ఎక్కడుంది?

విశాఖలో మా ఎంవీపీ కాలనీ వైపు ఇదొక ఆనవాయితీ అయిపోయింది. ఇంట్లో పిల్లల పుట్టినరోజు వస్తే ఏదో ఒక పిల్లల హోమ్‌కి ఫోన్ చేసి ఒక పూట భోజనం చెప్పడం, కేకు పట్టుకెళ్లడం, వడ్డిస్తూ నాలుగు ఫొటోలు దిగి వచ్చేయడం. నేనూ చేశాను, కాబట్టి ఎవరినీ ఎత్తిపొడవడానికి కాదు ఈ మాట. పోయినేడు అలా వెళ్లినప్పుడు ఒక తొమ్మిదేళ్ల పిల్లాడు తన కేకు ముక్కలో సగం తీసి పేపర్ ప్లేటు మడతలో దాస్తున్నాడు. ఎవరికిరా అంటే, "అమ్మ ఆదివారం వస్తాది" అన్నాడు. ఆ రోజు బుధవారం.

అప్పటిదాకా అక్కడున్న వాళ్లంతా అనాథలనే అనుకున్నాను. తర్వాత ఆ తల్లిని కలిశాను. జగదాంబ దగ్గర ఒక హోటల్లో గిన్నెలు తోముతుంది, ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. భర్త మూడేళ్ల కిందట వదిలేసి పోయాడు. "గుంటణ్ణి ఒక్కణ్ణీ గదిలో పెట్టి తాళం ఏసుకుని ఎల్లలేక ఇక్కడ చేర్పించినాను బాబూ, ఏటి చేత్తాను" అంది. అంటే ఆ పిల్లాడికి కరువైంది అమ్మ కాదు, సాయంత్రం నుంచి రాత్రి దాకా చూసే మనిషి, గది అద్దెకి కాస్త డబ్బు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం హోమ్‌లో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాకే. పిల్లల రక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఒకటుంది, బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకి 4,000 రూపాయలు. భర్త పోయిన, వదిలేసిన తల్లుల పిల్లలకీ, అమ్మానాన్నలు లేక బంధువుల దగ్గర పెరిగేవాళ్లకీ, తల్లిదండ్రులు పెద్ద జబ్బుతో మంచాన పడ్డ ఇళ్లకీ ఇది వర్తిస్తుంది. పట్నాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. ఇది అందరికీ తెలియాల్సిన సంగతి, కానీ నేనడిగిన పదిమందిలో ఒక్కరూ విన్నట్టు లేదు. హోమ్‌లో భోజనం రేటు ఎంతో మాత్రం పదిమందికీ తెలుసు!

డబ్బు లేకపోవడం ఒక్కటే సమస్య అనుకుంటే పొరపాటు, తెలిసినవాళ్లు నోరు విప్పకపోవడమూ ఉంది. జాలరిపేటలోనో హార్బరు చుట్టుపక్కలో చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బంద్, సరిగ్గా ఆ నిషేధం ముగిసే రోజుల్లోనే స్కూళ్లు తెరుస్తారు. ప్రభుత్వం ఇచ్చే భృతి అప్పులకే చాలదు. ఆ జూన్‌లో బడికి రాని పిల్లాడు ఎవరో ముందు తెలిసేది ఆఫీసర్‌కి కాదు, వీధి చివర బడ్డీ కొట్టువాడికి, అంగన్‌వాడీ టీచర్‌కి, డ్వాక్రా గ్రూపులో పక్కన కూర్చునే ఆవిడకి. వాళ్లు చెప్పరు. "మనకెందుకులే, ఇంటి గుట్టు" అంటారు, పోలీసుల దాకా వెళ్తుందేమోనని టెన్షన్ కూడా.

ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే మీ పేరు బయటపెట్టరు, డబ్బులూ పడవు, రాత్రయినా పగలైనా పనిచేస్తుంది. ఇదివరకు స్వచ్ఛంద సంస్థలు నడిపేవి, 2023 నుంచి ప్రభుత్వమే చూస్తోంది. మన రైల్వే స్టేషన్లో హౌరా వైపు నుంచో చెన్నై వైపు నుంచో వచ్చి ఒంటరిగా దిగిన పిల్లాడు కనిపిస్తే, సమోసా కొనిచ్చి మన దారిన మనం పోవడం కాదు, ఆ నంబరు కొట్టాలి. వాణ్ణి 24 గంటల్లోపు, అలాంటి పిల్లల రక్షణ సంగతి తేల్చే బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాల్సి ఉంటుంది.

లైంగిక వేధింపుల విషయంలో అయితే ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం, 6 నెలల దాకా జైలు. ఇక్కడ మనవాళ్లు చేసే మరో ఘనకార్యం ఉంది: పోలీసులకి చెప్పరు గానీ ఆ పిల్ల ఫొటో, వీధి పేరుతో సహా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు, కింద ఏడుపు బొమ్మలు. అది సాయం కాదు, అదీ నేరమే.

మళ్లీ ఆ తల్లి సంగతి. స్పాన్సర్‌షిప్ గురించి చెప్పి వార్డు సచివాలయానికి నేనూ వెంట వెళ్లాను. ఆదాయ ధ్రువీకరణ పత్రం వచ్చింది, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ వచ్చింది. భర్త చనిపోయి ఉంటే మరణ పత్రం ఉండేది. వదిలేసి పోయినవాడు పోయాడని రాసిచ్చేదెవరు? విడాకుల కాగితం లేదు, కేసు పెట్టలేదు. పక్కింటి ఇద్దరు సాక్ష్యం రాస్తే సరిపోవచ్చు అన్నారు కౌంటర్లో. ఒకావిడ వెంటనే సంతకం పెట్టింది. రెండో ఆయన "వాడు రేపు తిరిగొస్తే నా మీద పడతాడు" అని వెనక్కి తగ్గాడు. ఇప్పుడు ఆ రెండో సంతకం కోసమే తిరుగుతున్నాం. ఆవిడ ఈ ఆదివారం కూడా కొడుకుని చూడ్డానికి రెండు బస్సులు మారి వెళ్లింది.