నాగావళి వరదను కొండ మీద చదవాలి

వానాకాలంలో నాగావళికి వరద వస్తే శ్రీకాకుళంలో అందరి చూపూ వంతెన మీదే. నీరు ఎంత ఎత్తుకు వచ్చింది, ఏ వీధిలోకి వచ్చింది? అంతే. ఆ నీరు ఏ కొండ మీద కురిసిందో అడిగేవారు కనపడరు. దానికి జవాబు సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటులో, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటంలో ఉంది.

65ఎన్ నంబరు షీట్ల వరుసలో సాలూరు వైపు షీటు పరచి చూడండి. స్కేలు 1:50,000; కాగితం మీద సెంటీమీటరు, నేల మీద అర కిలోమీటరు. పల్లపు నేలలో చెరువుల నీలి మచ్చలే ఎక్కువ, సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) తక్కువ. కొండల వైపు వేలు జరిపితే 20 మీటర్ల ఎత్తుకొకటిగా గీసిన గోధుమరంగు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. గెడ్డ, అంటే కొండవాగు, దిగే చోట గీత కొండలోపలికి ముడుచుకుంటుంది, కొండ వెన్ను దగ్గర బయటికి ఉబ్బుతుంది. ఆ వెన్నులను పెన్సిలుతో కలుపుకుంటూ పోతే నది అసలు సరిహద్దు తేలుతుంది. ఆ గీటుకు పడమట పడిన చినుకు గోదావరి పాలు, ఇటు పడింది మన నాగావళి పాలు.

ఈ గీటుకూ మన పాలనా హద్దులకూ పొంతన లేదు. నది పుట్టుక ఒడిశాలోని కలహండి కొండల్లో. పాచిపెంట, సాలూరు కొండల నుంచి వచ్చే వేగావతి, సువర్ణముఖి దానిని వంగర మండలం సంగాం దగ్గర కలుస్తాయి. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకు ఆ కొండలు వెళ్లాయి. సంగాం విజయనగరంలో, సముద్ర సంగమమైన కళ్లేపల్లి శ్రీకాకుళంలో. నాగావళి ఉపనది జంఝావతి అనుభవం ఉండనే ఉంది: ముంపు ఒడిశా వైపు పడుతుందని అసలు డ్యామ్ ఆగిపోయి, 2006లో రబ్బరు డ్యామ్‌తో సరిపెట్టుకున్నాం.

కొండ మీద చెట్టు పోతే వాన నిలవదు, మట్టితో సహా దిగుతుంది. దిగువన జలాశయం పూడుతుంది, వరద త్వరగా వస్తుంది, వేసవిలో గెడ్డ ఎండుతుంది. అయినా మన ఖర్చంతా కరకట్టల మీదే. పోడు రైతును తిట్టి లాభం లేదు. అతని మెట్టకు రాతికట్టలు, పండ్లచెట్లు ఇవ్వడం ఏటి ఒడ్డు గోడ కంటే చవకని నా నమ్మకం. ఈ మూడు జిల్లాల కలెక్టర్లు, ఒడిశాలోని రాయగడ జిల్లా అధికారులు ఒకే టోపో షీటు ముందు కూర్చుని ఏ గెడ్డ నుంచి మొదలుపెట్టాలో తేల్చాలి, అదీ వానలకు ముందే.