ఏ బోగీ ఎక్కినా ఒకటే

స్విట్జర్లాండ్ నుంచి వచ్చి ఇంకా సూట్‌కేసులు పూర్తిగా ఖాళీ చెయ్యలేదు, ఈలోపే ఫ్యామిలీ గ్రూపులో నా పేరు ‘సగం రైలు’ అయిపోయింది. ఆ పేరు పెట్టింది మా తోడల్లుడుగారు. ఆయన జర్మనీలో ఉంటారు. జర్మనీలో ఉంటే యూరప్‌లోని ప్రతి సందూ తెలిసినట్టే అని మా అత్తగారి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన ఎన్నడూ వమ్ము చెయ్యలేదు, అంటే ఎన్నడూ ‘తెలియదు’ అనలేదు.

మా ట్రిప్ ప్లాన్ వేసింది ఆయనే. ఎక్సెల్ షీటు పంపారు. నీలం గడులు ‘సిటీ బ్రేక్’, పచ్చ గడులు ‘సీనిక్’. జూరిక్ నీలం, లూసర్న్ సగం నీలం సగం పచ్చ, ఇంటర్‌లాకెన్ దగ్గర్నుంచి అంతా పచ్చే. ప్రతి గడిలోనూ ఒక సలహా. ఇసెల్ట్‌వాల్డ్ గడిలో ‘చెరువు మీద చెక్క వంతెన, ఫోటో, ఉచితం’ అని ఉంది. తీరా వెళ్తే వంతెన ముందు ఇనుప గేటు, మనిషికి 5 ఫ్రాంకులు. ఏదో కొరియా సీరియల్లో హీరో ఆ వంతెన చివర కూర్చుని పియానో వాయించాడట, ఆ రద్దీ తట్టుకోలేక ఊరివాళ్ళు 2023లో గేటు పెట్టేశారు. ఫ్రాంకు మన లెక్కలో వంద రూపాయలు దాటిపోయింది. నేను గేటు ఇవతలి నుంచే ఫోటో తీసి పంపాను. ‘గేటు ఎందుకు పడింది?’ అని ఆయన అడిగారు.

సరే, అసలు సంగతి రైలు. ఇంటర్‌లాకెన్‌లో దిగాం, మర్నాడు లౌటర్‌బ్రునెన్ వెళ్ళాలి. జలపాతాల లోయ. షీటులో ఆ వరసకి ఎదురుగా ‘ట్రైన్, 20 నిమిషాలు, సింపుల్’ అని ఉంది. సింపుల్ అన్న మాట బోల్డులో ఉంది.

పొద్దున్నే అత్తగారు అపార్ట్‌మెంటు వంటింట్లో పులిహోర కలిపారు. అందరి రైలు పాసులూ పీడీఎఫ్‌లుగా మా ఆవిడ ఫోన్లో ఉన్నాయి. ఇంటర్నెట్ కూడా ఆవిడ ఫోన్లోనే ఉంది, ఎందుకంటే ‘ఇంట్లో ఒక్కళ్ళకి డేటా ఉంటే చాలు తమ్ముడూ, మిగతావాళ్ళు హాట్‌స్పాట్ వాడుకోండి, డబ్బులు దండగ’ అన్నది పెద్దాయన సలహా. పాస్‌పోర్టులు నా జేబులో. మావాడికి పన్నెండేళ్ళు కాబట్టి ఫ్యామిలీ కార్డు మీద ఉచిత ప్రయాణం. తల్లిదండ్రులతో వెళ్ళే పిల్లలకి పదహారు నిండేదాకా స్విట్జర్లాండ్‌లో ఈ సదుపాయం ఉంది. అల్లుడితో వెళ్ళే అత్తగార్లకి లేదు.

ప్లాట్‌ఫారం మీద నిలబడి, హాట్‌స్పాట్ అందినంత మేర, ఆయనకి వాట్సాప్ కాల్ చేశాను. ‘అన్నయ్యగారూ, రైలు వచ్చేసింది. బోర్డు మీద రెండు ఊళ్ళ పేర్లు కనిపిస్తున్నాయి. ఎటువైపు ఎక్కాలి?’ ఆయన ఆఫీసు మీటింగులో ఉన్నట్టున్నారు, గొంతు తగ్గించి ‘ఏ బోగీ ఎక్కినా ఒకటే తమ్ముడూ, ఇది సికింద్రాబాద్ స్టేషన్ కాదు, టెన్షన్ పడకు’ అని పెట్టేశారు.

మావాడు కిటికీ సీటు కోసం పరిగెత్తి వెనక బోగీ ఎక్కాడు, వాడి వెనకాల వాళ్ళమ్మ. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ బోగీకి మెట్లు ఉన్నాయి. కాస్త ముందుకెళ్తే మెట్లు లేని తలుపు కనిపించింది, అందులోకి ఆవిణ్ణి ఎక్కించి పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఇటు, ఇద్దరం అటు. రైలంతా ఒకటేగా.

రైలు కదిలింది. పచ్చిక, చెక్క ఇళ్ళు, కిటికీల్లో ఎర్రటి పూలు, మెడలో గంటలు కట్టిన ఆవులు. స్పీకర్లో ఒకాయన జర్మన్‌లో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. కొంచెం పొడుగ్గానే చెప్పాడు.

‘ఏమంటున్నాడు బాబూ?’ అన్నారు అత్తగారు.

ఇక్కడ కాస్త ఆగాలి. పెద్దల్లుడికి జర్మన్ వచ్చు. చిన్నల్లుడికి రాదు అన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కానీ దాన్ని అల్లుడి నోటంట ఒప్పించుకునే సందర్భం ఇంతవరకూ రాలేదు. పైగా ఆవిడ ముఖంలో అంత నమ్మకం.

‘స్వాగతం చెప్తున్నాడండీ. ఇక్కడి ఆవుల గురించి చెప్తున్నాడు.’

‘ఆవుల గురించా!’ ఆవిడ కిటికీ వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. ‘ఎన్ని పాలిస్తాయట?’

ఇరవై లీటర్లని చెప్పాను. జెర్సీలా అని అడిగారు. కొమ్ముల గురించి, గడ్డి గురించి, వెన్న గురించి వరసగా అడిగారు. ఈ ప్రశ్నోత్తరాల మధ్యలో స్పీకర్లో ఆయన అదే విషయాన్ని ఇంగ్లీషులో కూడా చెప్పాడని తర్వాత తెలిసింది. నాకు వినిపించలేదు. ఆ సమయంలో నేను వెన్న మీద ఉన్నాను.

మధ్యలో ఒక చిన్న స్టేషన్‌లో రైలు ఆగింది. ఆ ఊరి పేరు స్వైల్యూట్‌షినెన్. రెండు లోయల నుంచి వచ్చే రెండు ఏర్లు అక్కడ కలుస్తాయి. ఏర్లు కలుస్తాయి, రైళ్ళు విడిపోతాయి. ఇంటర్‌లాకెన్ నుంచి ఒకే రైలుగా వచ్చింది ఇక్కడ రెండు ముక్కలవుతుంది. ముందు సగం కుడి లోయలోకి లౌటర్‌బ్రునెన్‌కి, వెనక సగం ఎడమ లోయలోకి గ్రిండెల్‌వాల్డ్‌కి. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. బోర్డుల మీద రాస్తారట, బోగీల మీద రాస్తారట, చెప్తారట. ఈ ‘ట’లన్నీ మా తోడల్లుడుగారివి, సాయంత్రం ఇచ్చినవి.

బోగీలు విడదీయడం మనకి కొత్తేమీ కాదు. చిన్నప్పుడు గుడివాడ జంక్షన్‌లో బందరు బోగీలు విడదీయడం చూశాను. అదొక ఊరేగింపులా జరిగేది. ఇంజను వెళ్ళేది, వచ్చేది, ఇంకో ఇంజను వచ్చి గట్టిగా గుద్దేది. ఆ గుద్దుకి పై బెర్తు మీద నిద్రపోయేవాడు లేచి ‘ఇది బందరు బోగీయేనా?’ అని అడిగేవాడు. వాడికి బోగీలో ఉన్నవాళ్ళంతా జవాబు చెప్పేవాళ్ళు, కిటికీలోంచి సమోసాలవాడూ చెప్పేవాడు, ప్లాట్‌ఫారం మీద ఏ రైలూ ఎక్కని పెద్దమనిషి ఒకాయన కూడా దగ్గరికొచ్చి చెప్పేవాడు. తప్పు బోగీలో ఉన్నవాడు దిగి, టీ తాగి, మంచినీళ్ళ సీసా నింపుకుని, సరైన బోగీ ఎక్కి, జోడు మర్చిపోయి వెనక్కి వచ్చి తీసుకెళ్ళినా ఇంకా టైము మిగిలేది. వ్యవస్థ అంటే అదండీ. మనిషికి తెలిసొచ్చే దాకా ఆగేది.

ఇక్కడ ‘టక్’మని చిన్న చప్పుడైంది. అంతే.

మాది ముందు సగంలో చివరి బోగీ. వెనక అద్దంలోంచి చూస్తే ఇంకో రైలు ముఖం కనిపించింది. అందులో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. మా రైలు కదిలింది, ఆ ముఖం అక్కడే ఉండిపోయింది. ‘పాపం, ఆ రైలు ఆగిపోయినట్టుంది’ అని నేనే అన్నాను. అత్తగారు కూడా ‘అయ్యో’ అన్నారు. దాని నుదుటి మీద వెలుగుతున్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను. గ్రిండెల్‌వాల్డ్.

‘అదీ పెద్దల్లుడుగారి షీటులో ఉంది కదూ? ఎల్లుండికి’ అన్నారు అత్తగారు.

ఉంది. ఎల్లుండికే.

ఆ క్షణంలో కూడా నాకు వెలగలేదు. ఫోన్లో హాట్‌స్పాట్ పోయింది. సిగ్నల్ లేదేమో అనుకున్నాను, కొండలు కదా. మావాడికి ఒక ముద్ద పులిహోర ఇచ్చి వస్తానని లేచి, బోగీ చివరిదాకా వెళ్ళాను. అక్కడ బోగీ అయిపోయింది. దాని తర్వాత ఇంకేమీ లేదు. రెండు పట్టాలు, వాటి పక్కన ఏరు. నా చేతిలో స్టీలు గిన్నె, దాని మీద మూత. ఎదురు సీట్లోని స్విస్ ముసలాయన ఒకసారి నన్ను, ఒకసారి గిన్నెని, ఒకసారి పట్టాల్ని చూసి మళ్ళీ పేపరు తెరిచాడు.

వెనక్కి తిరిగేసరికి టికెట్లు చూసేవాడు నిలబడి ఉన్నాడు.

అతనికి ఇంగ్లీషు బాగా వచ్చు. నాకూ వచ్చు, ముప్పై ఏళ్ళుగా అందులోనే ఉద్యోగం చేస్తున్నాను. కానీ ‘మా ఆవిడ వెనక బోగీలో ఉంది’ అని చెప్పడానికి వెనక బోగీ అనేది ఒకటుండాలి కదా. ‘వైఫ్, టికెట్, బ్యాక్’ అని గిన్నెతో చూపించాను. అతను అద్దంలోంచి బయటికి చూశాడు. ఏరు చూశాడు. అర్థమైపోయింది అతనికి. రోజుకి ఇలాంటి భర్తలు ఎంతమంది తగులుతారో ఏమో, ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. చాలా శాంతంగా చెప్పాడు: ‘టికెట్లున్న మీ ఆవిడ వేరే రైల్లో ఉంది. సరైన రైల్లో ఉన్న మీ దగ్గర టికెట్టు లేదు.’

ఇంత స్పష్టంగా నా పరిస్థితిని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

పీడీఎఫ్ చూపించమన్నాడు. ఫోన్లో ఉంది అన్నాను. ఫోను చూపించమన్నాడు. ఆ ఫోను కాదన్నాను. ఈలోగా అత్తగారు వెనకనుంచి ‘ఏమంటున్నాడు బాబూ? మళ్ళీ ఆవుల గురించేనా?’ అన్నారు. చెప్పక తప్పలేదు. అమ్మాయి, మనవడు ఇంకో లోయలోకి వెళ్ళిపోయారని చెప్పాను. ఆవిడ కంగారు పడతారని భయపడ్డాను. ఆవిడ పడలేదు. నా చేతిలో గిన్నె తీసుకుని, మూత తీసి, అందులో స్పూను గుచ్చి, టికెట్లతనికి అందించారు. ‘తినమని చెప్పు. పిల్లాడు బక్కగా ఉన్నాడు.’

డ్యూటీలో ఉన్నాను, తినకూడదన్నాడు. అత్తగారు వినలేదు. ఆయన ఏదో కాగితం రాసి నాకిచ్చాడు. దాని గురించి ఇక్కడ రాయను, ఆ వ్యవహారం ఇంకా తేలలేదు. పాస్‌పోర్టు నంబరు మాత్రం వేగంగా చెప్పగలిగాను. అదొక్కటే నా దగ్గరుంది మరి.

లౌటర్‌బ్రునెన్‌లో దిగాం. స్టేషన్ బయట నుంచే స్టౌబాక్ జలపాతం కనిపిస్తుంది. నిటారుగా ఉన్న కొండ అంచు నుంచి దాదాపు 300 మీటర్లు దూకుతుంది, కిందికి చేరేలోపు చాలా భాగం తుంపరై గాల్లోనే పోతుంది. లోయలో ఇలాంటివి 72 ఉన్నాయని చెప్తారు. అత్తగారు బెంచీ మీద కూర్చుని కాసేపు చూసి, ‘తలకోనలో అయితే నెత్తి మీద పడుతుంది’ అని తీర్పిచ్చేశారు. మబ్బు పట్టింది. వాన మొదలైంది. వైఫై కోసం ఒక కెఫేలో కాఫీ కొన్నాను. ఆ కాఫీ ధర మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.

వైఫై తగలగానే ఫోను గలగలలాడింది. అన్నీ ఆవిడవే. మొదటిది: ‘ఏవండీ, ఎక్కడున్నారు?’ రెండోది: ‘ఏవండీ??’ ఆ తర్వాత ప్రశ్నలు ఆగిపోయి ఫోటోలు మొదలయ్యాయి. గ్రిండెల్‌వాల్డ్‌లో ఎండ. వెనకాల ఐగర్ కొండ ఉత్తర ముఖం. 1938దాకా ఒక్క మనిషి ఎక్కలేకపోయిన గోడ అది, దాని ముందు మావాడు ఐస్‌క్రీం తింటున్నాడు. తర్వాత కేబుల్ కారు. తర్వాత కొండ అంచున గాల్లో వేలాడే ఇనుప వంతెన, దాని మీద మా ఆవిడ చేతులు చాపి నిలబడి. ఈ ఫోటో నాకు పంపడంతో ఆగకుండా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, ‘అనుకోకుండా సోలో ట్రిప్’ అని రాసి. దాని కింద మా తోడల్లుడుగారి రిప్లై: ‘చెప్పానుగా, ఏది ఎక్కినా ఒకటే! రెండూ సీనిక్కే!’ పక్కన నవ్వు బొమ్మలు.

అందరూ లైకులు కొట్టారు. మా అమ్మ కూడా కొట్టింది.

నేను నా జవాబు టైపు చేస్తున్నాను. పొడవాటిది. బోర్డుల గురించి, హాట్‌స్పాట్ గురించి, ఎక్సెల్‌లో బోల్డు చేసిన మాటల గురించి. ఇంతలో ఆయన దగ్గర్నుంచే వీడియో కాల్. నేను ఎత్తకూడదనుకున్నాను. అత్తగారు పులిహోర అంటిన వేలితోనే పచ్చ బొమ్మ నొక్కేశారు.

‘ఆఁ, బాగున్నాం నాయనా. చాలా బాగుంది. అంతా మీరు చెప్పినట్టే చేస్తున్నాం.’