గీత తొక్కింది

తొక్కుడుబిళ్ల ఆడిన ఆడపిల్లలకు ఈ ఫైనల్ గురించి ఎవ్వరూ విడమర్చి చెప్పే పనిలేదు. ఒంటికాలు మీద కుంటుకుంట ఆఖరి గడి దాక పోయి, బిళ్ల తీసుకొని, వాపస్ వచ్చేటప్పుడు బొటనవేలు జర గీత మీద పడితే చాలు, చుట్టూ ఉన్న పోరీలందరు ఒక్కసారే లొల్లి పెడ్తరు, తొక్కినవ్ తొక్కినవ్ అని. మొన్న ఆదివారం, 11 ఆగస్టు 2024 నాడు, పారిస్ బెర్సీ అరీనాల ఒలింపిక్స్ ఆడోళ్ల బాస్కెట్‌బాల్ ఫైనల్ సరిగ్గ గిట్లనే అయిపోయింది. అమెరికా 67, ఫ్రాన్స్ 66.

చూడనోళ్ల కోసం జర చెప్తం. ఫస్టాఫ్ అయ్యేసరికి 25-25, ఇదేం ఫైనల్ రా నాయనా అనిపించింది, ఎవ్వరు వేసినా బాల్ రింగుల పడుతలేదు. మూడో క్వార్టర్ మొదలుకాంగనే ఫ్రాన్స్ వరసబెట్టి పది పాయింట్లు కొట్టి 35-25 చేసింది, సొంత ఊరు, సొంత జనం, ఇంక చెవులు పగిలేటట్టు అరుపులు. అవతల ఉన్నదేమో అమెరికా, 1992 బార్సిలోనా సెమీస్‌ల ఓడిపోయినంక ఒలింపిక్స్‌ల ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గూడ ఓడని టీమ్, అట్లాంటి టీమ్ ఊకుంటదా, ఏజా విల్సన్ అనే పొడుగు పిల్ల రింగు కింద పాతుకుపోయి 21 పాయింట్లు కొట్టింది, గురి తప్పి ఎగిరొచ్చిన బాల్ పట్టుకునే రీబౌండ్లు 13 తీసింది, క్వార్టర్ అయిపోయేసరికి అమెరికా 45-43 అని ముందుకొచ్చింది. అక్కడ్నుంచి ఆఖరు దాక నువ్వా నేనా. ఇంక 3.8 సెకన్లు ఉన్నయనంగ అమెరికా పిల్ల కాలియా కాపర్, ఫౌల్ అయితే ఎవ్వరూ అడ్డం రాకుండ వేసే ఫ్రీ త్రోలు రెండు వేసి 67-64 చేసింది. మూడు పాయింట్ల తేడా, నాలుగు సెకన్ల టైమ్ గూడ లేదు.

బాల్ గాబీ విలియమ్స్ చేతికొచ్చింది. ఆ రాత్రి ఫ్రాన్స్‌కి అందరికన్న ఎక్కువ, 19 పాయింట్లు కొట్టింది ఆమెనే. పట్టుకున్నది, తిరిగింది, విసిరింది, బోర్డుకు తగిలి బాల్ రింగులకెల్లి పడ్డది, బజర్ మోగింది. స్టేడియం మొత్తం లేచి నిలబడ్డది, ఇంక ఓవర్‌టైమే అనుకున్నరు. కానీ ఆమె కాలు త్రీ పాయింట్ గీత మీదున్నది, ఆ గీతకు పూర్తిగ బయట నుంచి వేస్తేనే మూడు పాయింట్లు. మూడు కాదు, రెండే. అయిపోయింది.

రూల్ ఏందంటే, బాల్ వదిలేటప్పుడు గీతను కాలు ముట్టినా సరే అది రెండు పాయింట్ల కిందికే వస్తది. గీత బయటకెల్లి ఎగిరి లోపల దిగితే పర్వాలేదు, మూడే ఇస్తరు, ఎగిరేముందు కాలు ఎక్కడున్నది అనేదొక్కటే లెక్క. ఆ గీత మందం ఎంత, 5 సెంటీమీటర్లు. మనోళ్లకు కబడ్డీల బోనస్ గీత కాడ కొట్లాడి కొట్లాడి ఈ లెక్క బాగనే ఎరుక.

ఒక్క కాలు మీద మొత్తం పాపం వేసుడు గూడ అన్యాయమే, అది మేము అనం. పది పాయింట్లు ముందుండి ఆ లీడ్ నిలబెట్టుకోలేకపోవుడు, ఆఖరి నిమిషంల ఫౌళ్లు చేసి ఫ్రీ త్రోలు ఇచ్చుడు, ఇవన్ని కలిస్తేనే 67-66 అయ్యింది. పైగా ఆ మూడు పాయింట్లు పడ్డా మ్యాచ్ సమానమే అవుతుండె, గెలుస్తుండె అని గ్యారంటీ ఏం లేదు, ఇంకో ఐదు నిమిషాలు ఆడాల్సి వస్తుండె. అయినా సరే, ఆ కాలు కళ్ల ముందు నుంచి పోతలేదు.

ఇంకొకటి గమనించినం. ఫ్రాన్స్ అమ్మాయిలు ఏడ్చిండ్రు, కానీ లొల్లి పెట్టలే, సిల్వర్ మెడలేసుకొని నిలబడ్డరు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌ల మగోళ్ల బాస్కెట్‌బాల్ ఫైనల్ గూడ ఒక్క పాయింట్ తోనే తేలింది, సోవియట్ యూనియన్ 51, అమెరికా 50, కాకపోతే అక్కడ తగాద గడియారం మీద. ఆఖరి మూడు సెకన్లు మళ్లీ మళ్లీ ఆడించిండ్రు, అమెరికా ఆటగాళ్లు ఆ సిల్వర్ మెడల్స్ తీసుకోనే లేదు, యాభై ఏండ్లు దాటినా ఇప్పటికీ ముట్టలే. గడియారం మీద పంచాయితీ పడితే అట్ల తెగకుండ ఉంటది. గీత మీద పంచాయితీకి ఎవ్వడు ఏం మాట్లాడతడు, కాలు కనబడుతున్నది, గీత కనబడుతున్నది.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్తం. నల్గొండ, పాలమూరు ఉమ్మడి జిల్లాలల్ల ఎన్ని బాస్కెట్‌బాల్ కోర్టులల్ల ఆ గీత కనబడుతది?

మా విలేకరులు చూసొచ్చిన ఒక కోర్టు గురించి చెప్తం, పేరెందుకు, చదివేటోళ్లల్ల చానమందికి ఇది మా కాడిదే అనిపిస్తది. సిమెంటు నేల ఉన్నది, నడుమ పర్రె వచ్చి అండ్లకెల్లి గడ్డి మొలిచింది. ఒక రింగు ముందుకు వంగింది, పోరగాళ్లు ఏలాడి ఏలాడి అట్ల చేసిండ్రు. రింగుకు ఏలాడే వల, అదే జాలి, లేదు, జాలి లేకపోతే బాల్ రింగులకెల్లి పోయిందా పక్కకెల్లి పోయిందా అని రోజూ ఒక కొట్లాట. యాసంగి కోతలప్పుడు అక్కడ వడ్లు ఆరబోస్తరు, రైతును తప్పు పట్టేది లేదు, కొనుగోలు సెంటర్ల జాగ సాలకపోతే ఆయన మాత్రం ఏడికి పోతడు, రోడ్డు మీద పోసేదానికంటే ఇదే నయం. కానీ ఎండకు వానకు, పార గీకుడుకు, ట్రాక్టర్ టైర్లకు ఆ గీతలు ఎప్పుడో మాయమైనయ్. త్రీ పాయింట్ గీత అసలు ఒకప్పుడైనా ఉండెనా లేదా అని అక్కడ ఆడే పిల్లలకే డౌటు.

ఆ పిల్లలు ఏం చేస్తున్నరంటే, పొద్దుగాల ఇంటి నుంచి డబ్బాల ముగ్గుపిండి తెచ్చుకుంటున్నరు. ఒకామె రింగు కింద తాడు పట్టుకుంటది, ఇంకొకామె ఆ తాడు కొసన పట్టుకొని అర్ధచందమామ లెక్క తిరుక్కుంట పిండి వదులుతది. వాకిట్ల చుక్కల ముగ్గేసే చెయ్యి కదా, గీత వంకర పోదు. ఆడుతుంటే బూట్ల కింద చెదిరిపోతది, సాయంత్రం వానొస్తే మొత్తానికి పోతది, మళ్లీ తెల్లారి పిండి. తాడు పొడుగు మాత్రం అందాజ మీద కొలిచిండ్రు. అసలైతే రింగు నడుమ నుంచి దారానికి రాయి కట్టి కిందికి వదిలి, అది నేలకు తగిలిన కాడి నుంచి 6.75 మీటర్లు కొలవాలె, సైడ్ లైన్ల దగ్గర మాత్రం గుండ్రంగ పోకుండ లైనుకు 90 సెంటీమీటర్లు ఇడిసిపెట్టి సీదా గీయాలె. ఇది రాకెట్ సైన్స్ కాదు, మేస్త్రీ పని. దేశంల ఏ డ్యామ్ కాడ, ఏ కాలువ కాడ చూసినా పాలమూరు లేబర్ ఉంటదని పేరున్న జిల్లాల ఒక గీత కొట్టేటోడు దొరుకుతలేడా?

గీత ఎందుకంత ముఖ్యం అంటే, బాస్కెట్‌బాల్‌ల షూటర్ కిందికి చూడది. చూపు రింగు మీదనే ఉంటది, గీత ఎక్కడున్నదో కాలికి తెలవాలె, వంటింట్ల చీకట్ల గూడ అమ్మ చెయ్యి ఉప్పు డబ్బ మీదికి పోయినట్టు. అది వేలసార్లు వేస్తే వస్తది. ఏండ్లకేండ్లు పెద్ద పెద్ద కోర్టులల్ల ఆడిన గాబీ విలియమ్స్‌కే ఒత్తిడిల కాలు తప్పింది, ఇంక గీతే లేని కోర్టుల నేర్చుకున్న మా పిల్ల ఎస్‌జీఎఫ్, అంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్, సెలక్షన్స్‌కి హైదరాబాద్ పోయి, మొట్టమొదటిసారి పాలిష్ కొట్టిన చెక్క నేల మీద తెల్లటి గీతలు చూసి, ఏ గీత దేనికో అర్థం కాక బెదురుతే, ఈ పిల్లకు టాలెంట్ లేదని రాసి పంపుతరు. టాలెంట్ కాదు సార్ లేనిది.

ఆడోళ్ల బాస్కెట్‌బాల్ మనకు అచ్చిరాని ఆటేం కాదు. రెండేండ్ల కింద గుజరాత్‌ల జరిగిన నేషనల్ గేమ్స్‌ల గోల్డ్ కొట్టింది తెలంగాణ ఆడపిల్లలే, ఈ మాట మన దగ్గర ఎంతమందికి గుర్తున్నది? దేశం లెక్క చూస్తే మాత్రం మన మగ జట్టు ఒలింపిక్స్‌కి పోయింది ఒక్కసారే, 1980 మాస్కోకి, అది గూడ అమెరికా తోని పాటు చాన దేశాలు రానన్న ఏడు. ఆడ జట్టు ఒక్కసారి గూడ పోలే.

మా తప్పు గూడ ఒప్పుకోవాలె. శనివారం మగోళ్ల ఫైనల్‌ల స్టీఫెన్ కర్రీ ఎనిమిది త్రీలు కొట్టి ఫ్రాన్స్‌ని 98-87 తోని ఓడగొడితే మేము ఫొటో పెట్టి వేసినం, పోరగాళ్ల స్టేటస్‌లల్ల గూడ మొత్తం అదే. తెల్లారి ఒక్క పాయింట్ తోని తేలిన ఆడోళ్ల ఫైనల్‌కి మా స్పోర్ట్స్ పేజీల కింద మూలకు నాలుగు లైన్లు దొరికినయ్. అది ఒలింపిక్స్ మొత్తానికి ఆఖరి పోటీ, అమెరికాకు వరసగా ఎనిమిదో గోల్డ్, అయినా నాలుగే లైన్లు. కుస్తీ ఫైనల్ ముందు బరువు ఎక్కువున్నదని తీసేసిన వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల ముచ్చట క్లాక్ టవర్ కాడి చాయ్ హోటల్ల ఇంకా నడుస్తనే ఉన్నది, మేము గూడ దాని మీదనే పడ్డం, దాంట్ల తప్పేం లేదు గానీ, 100 గ్రాములకు గుండె కొట్టుకున్నోళ్లకు 5 సెంటీమీటర్ల కథ చెప్తే గూడ వింటుండె. మేము చెప్పలే.

ఇంతకు ముందు గూడ ఈ పేజీల ఆటస్థలాల గురించి రాసినం, జవాబు ఎప్పుడూ ఒక్కటే, ఫండ్స్ లేవు, ఎస్టిమేట్ పంపినం, పైనుంచి రావాలె అని. ఇండోర్ స్టేడియం కట్టుండ్రి అని మేము ఇయ్యాల అడుగుతలేం. సింథటిక్ కోర్టు గూడ అడుగుతలేం. నాలుగు డబ్బాల తెల్ల పెయింటు, రెండు జాలీలు, వంగిన రింగు సాఫ్ చేయనీకె ఒక వెల్డింగ్ మనిషి, ఒక్కరోజు కూలి. బస్టాండ్ నుంచి కలెక్టరేట్ దాక ఒక్కో లీడర్ బర్త్‌డేకి కట్టే ఫ్లెక్సీలల్ల రెండు తక్కువ కడితే ఒక కోర్టు పని అయితది, లీడర్ ఫొటో కావాల్నంటే బోర్డు ఎనక అతికించుకోండ్రి, మేమేం అనం. పీఈటీ సార్లు కొలతలు తీసి పెట్టాలె, అది మాత్రం అందాజ మీద వద్దు.

ఈ నెల 29 నాడు జాతీయ క్రీడా దినోత్సవం. ర్యాలీ తీస్తరు, పిల్లలను ఎండల నిలబెట్టి స్పీచులిస్తరు, శాలువలు కప్పుకుంటరు. ఆ రోజుకన్నా ముందు కోర్టులకు గీతలు పడాలె, పడినయా లేదా అని మా విలేకరులు మళ్లీ పోయి చూస్తరు, పడిన కాడ ఫొటో వేస్తం, పడని కాడ గూడ వేస్తం.

రంగు దొరకదు, మనుషులు లేరు అనేటోళ్లు ఇయ్యాల ఒక్కసారి పరేడ్ గ్రౌండ్ దిక్కు పోయి చూడుండ్రి. పంద్రాగస్టు వస్తున్నది కదా, మంత్రిగారు జెండ ఎగిరేసే కాడ, పోలీసోళ్లు కవాతు చేసే కాడ తాడు పట్టి, కొలత చూసుకొని, కొంచెం వంకర పోతే తుడిచి మళ్లీ గీస్తున్నరు. మస్తు నీట్‌గ వస్తున్నయ్ గీతలు. ఆ మనుషులే, ఆ తాడే, 16 తారీఖు పొద్దుగాల డబ్బాల ఎంతో కొంత రంగు మిగిలే ఉంటది.